అమెరికాలో ఉంటూ ఇండియా మ్యాచ్‌లు టీవీలో చూడటం ఎలా?

అమెరికాలో దిగి సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు పనులు అయ్యాక మనవాళ్ళు అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి: "ఇక్కడ మ్యాచ్ ఎందులో వస్తుంది?" అడిగిన పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపు నిండా లింకులు వచ్చి పడతాయి. వాటిలో సగం పనిచేయవు. మిగతా సగం పనిచేయకపోతేనే మంచిది.

ఈ గైడు ముఖ్యంగా అమెరికాలో ఉండి క్రికెట్ చూసేవాళ్ళ కోసం. బ్రిటన్, గల్ఫ్, ఆస్ట్రేలియా, యూరప్‌లలో ఉన్నవాళ్ళకు పనికొచ్చే వివరాలు చివర్లో ఉన్నాయి. మొదటి రెండు పనులు మాత్రం ఏ దేశంలో ఉన్నా తప్పవు.

1. ముందు మ్యాచ్ ఎవరిదో తేల్చుకోండి

చాలామంది "ఇండియా మ్యాచ్ ఎక్కడొస్తుంది" అని వెతుకుతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ప్రసార హక్కులు ఆడే జట్టును బట్టి ఉండవు, ఆతిథ్యం ఇచ్చే బోర్డును బట్టి ఉంటాయి. ఇండియా ఇంగ్లండ్‌కు వెళ్తే ఆ సిరీస్‌ను అమ్ముకునేది ఇంగ్లండ్ బోర్డు. ఆస్ట్రేలియాకు వెళ్తే క్రికెట్ ఆస్ట్రేలియా. సొంతగడ్డ మీద ఆడితే బీసీసీఐ. వరల్డ్ కప్పులు, చాంపియన్స్ ట్రోఫీ లాంటివి ఐసీసీవి. ఐపీఎల్ లెక్క మళ్ళీ వేరు. వీటిలో ప్రతి ఒక్కటీ దేశాలవారీగా ముక్కలు చేసి అమ్ముతారు.

2022 జూన్‌లో జరిగిన ఐపీఎల్ వేలమే చూడండి. 2023 నుంచి 2027 దాకా ఐదు సీజన్ల హక్కులు మొత్తం 48,390 కోట్ల రూపాయలకు పోయాయి. ఇండియాలో టీవీ హక్కులు డిస్నీ స్టార్‌కు, డిజిటల్ వయాకామ్18కు దక్కాయి. బ్రిటన్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ప్రాంతాలు కూడా వయాకామ్ తీసుకుంది. అమెరికా, మధ్యప్రాచ్యం టైమ్స్ ఇంటర్నెట్ కొనుక్కుంది. హైదరాబాద్‌లో తమ్ముడు (డిస్నీ స్టార్, వయాకామ్18 కలిశాక వచ్చిన) జియోహాట్‌స్టార్‌లో హాయిగా చూస్తున్న మ్యాచ్, అదే పాస్‌వర్డుతో డాలస్‌లో మీకు రాకపోవడానికి కారణం ఇదే. యాప్ పాడవలేదు, మీ అకౌంటుకూ ఏమీ కాలేదు. ఆ యాప్‌కు ఇక్కడ ఆ మ్యాచ్ చూపించే హక్కు లేదు, అంతే.

ఇంకో సంగతి, హక్కులకు గడువు ఉంటుంది. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో జరిగిన వన్డే వరల్డ్ కప్ ఫైనల్‌ను అమెరికాలో ఈఎస్‌పీఎన్ ప్లస్‌లో చూశాం. ఏడాది తిరక్కుండానే 2024 జూన్‌లో, అదీ కొన్ని మ్యాచ్‌లు అమెరికా గడ్డ మీదే టీ20 వరల్డ్ కప్ జరిగితే, అది విల్లో అనే క్రికెట్ చానల్‌లో వచ్చింది. అమెరికా, కెనడాలకు ఐసీసీ ఇప్పుడు ఇచ్చిన హక్కులు 2027 దాకా ఉన్నాయి. అందుకే ఎవరైనా "నేను పోయినసారి ఇందులో చూశాను" అంటే దాన్ని సమాధానంగా తీసుకోకండి. ఐసీసీ టోర్నీ అయితే ఐసీసీ వెబ్‌సైట్‌లోనే ఏ దేశంలో ఏ చానల్ అన్న జాబితా పెడతారు. ద్వైపాక్షిక సిరీస్ అయితే ఆతిథ్య బోర్డు సైటు చూడండి. ఈ పని టాస్ వేసే వేళకు కాదు, వారం ముందే చేయాలి.

2. టైము లెక్క

ఈ ఒక్క విషయంలో కాస్త ఓపిక పడితే మిగతావన్నీ తేలిక.

ఇండియాలో గడియారాలు మారవు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి మారతాయి. బ్రిటన్‌లో మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో మారతాయి. అంటే మార్చిలో రెండుమూడు వారాల పాటు న్యూయార్క్, లండన్ మధ్య తేడా కూడా మామూలుగా ఉండదు. 2026 టీ20 వరల్డ్ కప్ ఫైనల్ తేదీ మార్చి 8. అమెరికాలో గడియారాలు మారేది కూడా సరిగ్గా ఆ తెల్లవారుజామునే. ఇండియాలో సాయంత్రం 7 అంటే ముందురోజు దాకా డాలస్‌లో ఉదయం ఏడున్నర, ఫైనల్ రోజున ఎనిమిదిన్నర. వాట్సాప్‌లో తిరిగే షెడ్యూలు ఫొటోలు ఇలాంటివి పట్టించుకోవు. అరిజోనాలో ఉన్నవాళ్ళకు ఈ గొడవ లేదు. అక్కడ దాదాపు అంతటా గడియారాలు మార్చరు, ఏడాది పొడవునా ఇండియాకు పన్నెండున్నర గంటల తేడాయే.

దీనికి తేలిక మందు గూగుల్ క్యాలెండర్. మ్యాచ్ ఎంటర్ చేసేటప్పుడు మీరు లెక్క కట్టకండి. టైమ్ జోన్ దగ్గర కోల్‌కతా, అంటే ఇండియన్ స్టాండర్డ్ టైమ్, ఎంచుకుని ఇండియా టైమే కొట్టండి. మీ ఫోను దాన్ని మీ ఊరి టైములోకి మార్చి, గడియారం మార్పు కూడా కలుపుకుని చూపిస్తుంది. సిరీస్ ఆస్ట్రేలియాలో అయితే మెల్‌బోర్న్ జోన్ పెట్టి అక్కడి టైము కొట్టండి.

ఇక ఏది ఎప్పుడొస్తుందో చూద్దాం. టెక్సస్, షికాగోలాంటి సెంట్రల్ టైము ప్రకారం చెబుతున్నాను. న్యూజెర్సీ, అట్లాంటా వాళ్ళు గంట కలుపుకోండి. కాలిఫోర్నియా, సియాటిల్ వాళ్ళు రెండు గంటలు తీసేయండి.

ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఇండియాలో ఏడున్నరకు, ఇక్కడ ఉదయం 9కి. మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్ ఇక్కడ తెల్లవారుజామున 5కి. వారపు రోజుల్లో ఐపీఎల్ అంటే సరిగ్గా ఆఫీసు వేళే. రెండో స్క్రీన్ ఉన్నవాళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇండియాలో టెస్టులు మామూలుగా ఉదయం తొమ్మిదిన్నరకు. చలికాలంలో ఇక్కడ అది ముందురోజు రాత్రి 10. పిల్లలు పడుకున్నాక మొదటి సెషన్ మొత్తం చూసి, లంచ్‌కు పన్నెండింటికి టీవీ కట్టేయొచ్చు. కాలిఫోర్నియా వాళ్ళ అదృష్టమే అదృష్టం. వాళ్ళకు రాత్రి 8కే మొదలవుతుంది, అర్ధరాత్రి దాటేసరికి రెండు సెషన్లూ అయిపోతాయి. ఒక జాగ్రత్త: తొమ్మిదిన్నర అన్నది శాసనం కాదు. 2025 నవంబర్‌లో దక్షిణాఫ్రికాతో గువాహటి టెస్టు తొమ్మిదింటికే మొదలైంది. ఈశాన్యంలో పొద్దు త్వరగా గూకుతుందని అలా పెట్టి, ముందు టీ, తర్వాత లంచ్ ఇచ్చారు.

అమెరికాలో ఉన్నవాళ్ళకు అసలు పండగ ఆస్ట్రేలియా టూరు. మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టు అక్కడ డిసెంబర్ 26 ఉదయం పదిన్నరకు మొదలైతే, ఇక్కడ 25 సాయంత్రం ఐదున్నర. క్రిస్మస్ సెలవు, సాయంత్రం టీ, కొత్త బంతి. ఇండియాలో ఉన్నవాళ్ళు ఇదే బంతి కోసం పొద్దున్నే ఐదింటికి లేవాలి. ఇంగ్లండ్ టెస్టులు దీనికి తలకిందులు. అక్కడ ఉదయం 11కి మొదలయ్యే ఆట ఇక్కడ 5కి. ఆఫీసుకు బయల్దేరే ముందు మొదటి సెషన్ చూసుకోవాలి.

వన్డే వరల్డ్ కప్ ఇండియాలో జరిగితే నిద్ర మీద ఆశ వదులుకోవడమే. 2023 ఫైనల్ ఇక్కడ తెల్లవారుజామున రెండున్నరకు మొదలైంది. తర్వాతి వన్డే వరల్డ్ కప్, 2027లో, దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో. జొహానెస్‌బర్గ్‌లో మధ్యాహ్నం 2కి మొదలయ్యే మ్యాచ్ అక్టోబర్‌లో ఇక్కడ ఉదయం 7కి పడుతుంది. ఇది మనుషులు చూడగలిగే టైమే.

3. చందా ఎలా కట్టాలి

అమెరికాలో ప్రస్తుతం క్రికెట్‌లో ఎక్కువ భాగం విల్లో చేతిలో ఉంది. 2003లో మొదలైన ఈ సర్వీసును 2016లో టైమ్స్ ఇంటర్నెట్ కొనేసింది. క్రిక్‌బజ్ కూడా వాళ్ళదే. ఐసీసీ టోర్నీలు, ఐపీఎల్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా సిరీస్‌లు, ఇక్కడి మేజర్ లీగ్ క్రికెట్ అన్నీ ఇందులో చూడొచ్చు.

దీన్ని తీసుకోవడానికి దారులు చాలా ఉన్నాయి: విల్లో సొంత యాప్, క్రిక్‌బజ్ యాప్, ఇంటర్నెట్ ద్వారా చానళ్ళు ఇచ్చే స్లింగ్ టీవీ, ఎక్స్‌ఫినిటీ లేదా డిష్ లాంటి కేబుల్, శాటిలైట్ కనెక్షన్లు. ఖర్చు నెలకు పది డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇంట్లో తెలుగు చానళ్ళ ప్యాకేజీ ఇప్పటికే ఉంటే, విల్లో అందులో కలిసి ఉందేమో ముందు చూడండి. ఒకే చానల్‌కు రెండు చోట్ల డబ్బు కడుతున్న ఇళ్ళు తక్కువేమీ కాదు.

నెల చందానా, ఏడాది చందానా? నా మాట: మీరు టెస్టులు కూడా చూసే మనిషైతే ఏడాదిది తీసుకోండి, ఏ నెలలోనైనా ఏదో ఒకటి ఉంటుంది. ఐపీఎల్, వరల్డ్ కప్ మాత్రమే చూసేవాళ్ళకు నెలవారీయే మేలు. మార్చి చివర్లో కట్టి, ఫైనల్ అయ్యాక ఆపేయొచ్చు.

ఆపేయడం అన్నచోటే చాలామంది చిక్కుకుంటారు. చందా ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే రద్దు చేయాలి. ఐఫోన్ ద్వారా కడితే యాపిల్ సెట్టింగ్స్‌లో, టీవీకి తగిలించే రోకు స్ట్రీమింగ్ పెట్టె ద్వారా కడితే రోకు అకౌంటులో, అమెజాన్ ద్వారా అయితే అమెజాన్‌లో. యాప్ డిలీట్ చేస్తే చందా ఆగదు, కార్డు మీద నెలనెలా పడుతూనే ఉంటుంది. కట్టిన రోజే క్యాలెండర్‌లో రద్దు తేదీ కూడా రాసుకోండి. ఒకేసారి ఎన్ని స్క్రీన్ల మీద చూడొచ్చో కూడా చూసుకోవాలి. రూమ్మేట్స్ నలుగురు ఒకే అకౌంటు పంచుకుంటే ఆఖరి ఓవర్‌లో ఎవరో ఒకరు బయటికి పోతారు, అదీ సాధారణంగా డబ్బు కట్టినవాడే.

4. టీవీ, ఇంటర్నెట్

హెచ్‌డీ నాణ్యతకు 10 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. మాట నిలకడ గురించే. స్పీడ్ టెస్టులో 300 చూపించే వైఫై కూడా పడకగది గోడ దాటేసరికి తడబడొచ్చు. ఫైర్ స్టిక్, రోకు లాంటివి టీవీ వెనకాల దాక్కుని ఉంటాయి, సిగ్నల్ అక్కడే బలహీనం. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మార్చండి, లేదా చవకైన ఈథర్‌నెట్ అడాప్టర్ కొని కేబుల్ తగిలించండి.

చాలామందికి తెలియని చిన్న సంగతి ఒకటుంది. ఇండియా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో ప్రసారం సెకనుకు 50 ఫ్రేముల లెక్కన తయారవుతుంది. అమెరికా టీవీలు 60 లెక్కన నడుస్తాయి. బంతి బౌండరీ వైపు దొర్లుతున్నప్పుడు, కెమెరా పక్కకు తిరుగుతున్నప్పుడు బొమ్మ కొద్దిగా జెర్క్ ఇస్తుంటే కొన్నిసార్లు కారణం ఇదే. ఇంటర్నెట్‌ను తిట్టే ముందు యాపిల్ టీవీ, ఫైర్ టీవీ లాంటివాటి సెట్టింగ్స్‌లో అసలు ఫ్రేమ్ రేటుకు సరిపెట్టే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేసి చూడండి. దీనితోబాటు టీవీలో "స్పోర్ట్స్ మోడ్" ఉంటే దాన్ని ఒకసారి ఆపి కూడా చూడండి. గడ్డి పచ్చరంగు పూసినట్టు కాకుండా గడ్డిలా కనిపిస్తుంది.

పెద్ద మ్యాచ్ ఉన్నరోజు యాప్‌లో అరగంట ముందే లాగిన్ అవ్వండి. పాస్‌వర్డ్ గుర్తురాకపోవడం, కార్డు ఎక్స్‌పైర్ అవడం, యాప్ అప్‌డేట్ అడగడం, ఇవన్నీ టాస్ వేళకే బయటపడతాయి.

5. ఆలస్యం, వాట్సాప్

స్ట్రీమింగ్‌లో వచ్చే బొమ్మ మైదానంలో జరిగే ఆటకు అర నిమిషం నుంచి నిమిషం దాకా వెనకబడి ఉంటుంది. కేబుల్, శాటిలైట్‌లలో ఈ వెనకబాటు చాలా తక్కువ. ఇండియాలో బాబాయి డిష్ యాంటెన్నాతో చూస్తుంటాడు, మీరు ఫైర్ స్టిక్‌లో. బౌలర్ పరుగు మొదలుపెట్టాడు, ఇంతలో ఫ్యామిలీ గ్రూపులో "అయ్యో!!" అని మెసేజ్. ఇక ఆ బంతి చూడటానికి ఏం మిగిలింది?

దీనికి నూటికి నూరు శాతం పరిష్కారం లేదు. ఫ్యామిలీ గ్రూపు, కాలేజీ గ్రూపు మ్యూట్ చేయండి. క్రిక్‌బజ్, ఈఎస్‌పీఎన్ క్రిక్ఇన్ఫో నోటిఫికేషన్లు ఆపండి. వార్తల యాప్‌లవీ మర్చిపోవద్దు, అవి స్కోరు చెప్పడంలో ముందుంటాయి. చేతికి స్మార్ట్ వాచ్ ఉంటే అది ఇంకా ప్రమాదం, ఫోను దూరంగా పెట్టినా అది మణికట్టు మీద కొట్టి మరీ చెబుతుంది. అమ్మతో ఫోనులో మాట్లాడుతూ మ్యాచ్ చూడాలనుకుంటే, ఎవరిది ముందు వస్తోందో మొదట్లోనే తేల్చుకోండి. ముందున్నవాళ్ళు నోరు కట్టేసుకోవాలి. కుదరని పని, అయినా చెప్పి ఉంచడం మంచిది.

నిద్ర మానుకోలేనివాళ్ళు పొద్దున లేచాక రికార్డింగ్ చూసుకోవచ్చు. విల్లోలో అయిపోయిన మ్యాచ్‌లు మొదటి నుంచీ చూసే వీలుంది. కేబుల్ లేదా స్లింగ్ అయితే డీవీఆర్‌లో రికార్డు పెట్టుకోండి. రికార్డింగ్ ముగిసే టైమును రెండు గంటలు పొడిగించడం మరవద్దు. వాన పడ్డా, సూపర్ ఓవర్ వచ్చినా మామూలు టైముకే ఆగిపోతుంది కాబట్టి. ఇంకో మాట: యాప్ తెరిస్తే హోమ్ పేజీలోనే "ఇండియా ఘనవిజయం" అని బొమ్మ ఉండే అవకాశం ఉంది. ఇంట్లో స్కోరు తెలిసినా ఏం బాధలేని మనిషి ఎవరైనా ఉంటే మ్యాచ్ పెట్టమని వాళ్ళకు అప్పజెప్పండి.

బాక్సులు, వీపీఎన్‌లు

ఏడాదికోసారి డబ్బు కడితే ప్రపంచంలోని చానళ్ళన్నీ ఇచ్చే ఐపీటీవీ పెట్టెల గురించి ఇండియన్ స్టోర్ల దగ్గర, పార్టీల్లో వింటూనే ఉంటాం. అవి హక్కులు లేకుండా నడిచేవి. హక్కుదారులు పెద్ద మ్యాచ్‌ల రోజే వీటి వెంటపడతారు కాబట్టి సరిగ్గా ఇండియా-పాకిస్తాన్ మ్యాచ్ రోజే స్క్రీన్ నల్లగా అయిపోతుంది. అమ్మినవాడు ఫోను ఎత్తడు, రసీదు ఉండదు. పైగా ఆ పెట్టె మీ ఇంటి వైఫైలో కూర్చుని ఇంకేం చేస్తుందో మీకు తెలియదు. అదే వైఫైలో మీ బ్యాంకు పనులూ జరుగుతాయి.

మీ ఇంటర్నెట్ చిరునామాను, అంటే ఐపీ అడ్రస్‌ను, వేరే దేశానిదిగా చూపించే వీపీఎన్ పెట్టి ఇండియా యాప్ చూడటం ఆ యాప్ నియమాలకు విరుద్ధం. వాళ్ళు పట్టుకుని ఆపేస్తుంటారు కూడా. దుబాయ్, అబుదాబిల్లో ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. యూఏఈలో 2021 సైబర్ నేరాల చట్టం ప్రకారం ఐపీ అడ్రస్ మార్చి నేరానికి పాల్పడితే, లేదా నేరాన్ని కప్పిపుచ్చితే, జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా ఉంటుంది. ఒక మ్యాచ్ కోసం ఆ రిస్కు అక్కర్లేదు.

అసోసియేషన్ వాళ్ళు హాలు తీసుకుని, పెద్ద తెర పెట్టి, టికెట్లు అమ్మి మ్యాచ్ చూపించాలనుకుంటే ఇంటి చందా చెల్లదు. బహిరంగ ప్రదర్శనకు విడిగా అనుమతి తీసుకోవాలి. ఇంట్లో పది కుటుంబాలను పిలిచి పులిహోర పెట్టి చూపిస్తే ఏ ఇబ్బందీ లేదు.

అమ్మానాన్న వచ్చినప్పుడు

ఆరు నెలల వీసా మీద వచ్చిన నాన్నగారికి పగలంతా ఇంట్లో తోడు ఆ టీవీయే. మూడు రిమోట్లు, ప్రొఫైల్ ఎంచుకోమనే పేజీ ఆయనకు పెద్ద పరీక్ష. మ్యాచ్ యాప్‌ను హోమ్ స్క్రీన్‌లో మొదటి స్థానంలోకి జరపండి. వాయిస్ రిమోట్ ఉంటే "విల్లో" అనడం ఒక్కటి నేర్పితే చాలు. ఇండియా టైము చూపించే గోడ గడియారం ఒకటి టీవీ పక్కన పెట్టండి. మ్యాచ్ ఎప్పుడని మిమ్మల్ని ఆఫీసులో ఫోను చేసి అడగాల్సిన పని ఉండదు.

తెలుగు కామెంటరీ మాత్రం కష్టం. 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానల్ వచ్చాక మనకు అది అలవాటైపోయింది. విదేశాల్లో హక్కులు కొన్నవాళ్ళు ఎక్కువగా ఇంగ్లిష్, అప్పుడప్పుడు హిందీ ఇస్తారు. ఆడియో సెట్టింగ్‌లో భాషల జాబితా ఉందేమో టోర్నీ మొదట్లోనే చూడండి.

క్రికెట్ కాక

సింధు, సాత్విక్ ఆడే బ్యాడ్మింటన్ టోర్నీలు చాలావరకు ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య వాళ్ళ బీడబ్ల్యూఎఫ్ టీవీ యూట్యూబ్ చానల్‌లో వస్తాయి. దేశాన్ని బట్టి కొన్ని మ్యాచ్‌లు మూసి ఉంటాయి. చదరంగం అయితే అన్నిటికంటే హాయి, కోనేరు హంపి ఆడే పెద్ద టోర్నీలు యూట్యూబ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు అమెరికాలో ఇంగ్లిష్ హక్కులు ఫాక్స్‌వి, స్పానిష్ హక్కులు టెలిముండోవి. ఒలింపిక్స్ ఎన్‌బీసీది. ఈ చానళ్ళు చాలా నగరాల్లో గాలిలోనే ఉచితంగా వస్తాయి. ఒక చిన్న ఇండోర్ యాంటెన్నా కొని కిటికీ దగ్గర తగిలించి టీవీలో చానల్ స్కాన్ చేస్తే చాలు, నెల చందా లేదు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ కూడా ఉంది, పొమోనాలో ఆడతారు. అప్పుడు ఈ యాంటెన్నాతో పాటు ఎన్‌బీసీ వాళ్ళ పీకాక్ యాప్ కూడా చూసుకోవాలి.

వేరే దేశాల్లో ఉంటే

బ్రిటన్‌లో స్కై స్పోర్ట్స్, టీఎన్‌టీ స్పోర్ట్స్ మధ్య క్రికెట్ పంచుకుని ఉంటుంది. స్కై కనెక్షన్ లేకపోతే వాళ్ళదే అయిన నౌ అనే స్ట్రీమింగ్ సర్వీసులో ఒక్కరోజు పాస్ తీసుకోవచ్చు. విద్యార్థులు మర్చిపోయేది టీవీ లైసెన్సు. ఏ చానలైనా లైవ్‌లో చూస్తే, అది లాప్‌టాప్ మీదైనా, ఏడాదికి 170 పౌండ్ల పైన ఉండే ఆ లైసెన్సు కట్టాల్సిందే. ఐపీఎల్ అక్కడ మధ్యాహ్నం మూడింటికి వస్తుంది.

గల్ఫ్‌లో ఎటిసలాట్, డూ అనే టెలికాం కంపెనీల ప్యాకేజీల్లో క్రికెట్ చానళ్ళు విడిగా ఉంటాయి. దుబాయ్‌లో ఐపీఎల్ సాయంత్రం 6కి మొదలవుతుంది, డ్యూటీ దిగి వచ్చి చూసుకోవచ్చు. రూములో ఆరుగురు ఉంటే ఒకే చందా, ఒకే టీవీ అన్న పద్ధతి అన్నిటికంటే చవక.

ఆస్ట్రేలియాలో సొంత టెస్టులు సెవెన్ చానల్‌లో ఉచితం, కేయో అనే స్ట్రీమింగ్ యాప్‌లో అన్నీ ఉంటాయి. ఐసీసీ టోర్నీలు మాత్రం 2024 నుంచి 2027 దాకా ప్రైమ్ వీడియోవి. ఐపీఎల్ సిడ్నీలో అర్ధరాత్రి 12కి, ఏప్రిల్ మొదటి ఆదివారానికి ముందైతే 1కి. పెర్త్‌లో ఉన్నవాళ్ళకు రాత్రి 10కే.

జర్మనీ, ఇటలీ లాంటి చోట్ల క్రికెట్ హక్కులు కొనేవాళ్ళే తక్కువ. అలా హక్కుదారు లేని దేశాల్లో ఐసీసీ తన టోర్నీలను ఐసీసీ డాట్ టీవీలో ఇస్తుంటుంది. హైదరాబాద్ మూలాలున్న యప్ టీవీ కూడా కొన్ని సీజన్ల ఐపీఎల్‌ను యూరప్‌తో సహా చాలా దేశాల్లో చూపించింది. అక్కడ చదువుకుంటున్నవాళ్ళు ముందు ఈ రెండూ చూసి, ఆ తర్వాతే డబ్బు కట్టే దారి వెతుక్కోవచ్చు.

సెలవులకు ఇండియా వెళ్తుంటే ఇక్కడి చందా అక్కడ పనిచేయదు. నెలవారీ అయితే విమానం ఎక్కే ముందే ఆపేయండి.